కొట్టు, పట్టు, వదులు, దిగు

మా జయమణక్క విశాఖపట్నంలో తిరిగే సగం కార్లలో డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆమె కూర్చున్నంతసేపూ వాటిలో ఒక్కటి కూడా కదల్లేదు.

ఇందులో వింతేమీ లేదు. కారు కదలకూడదు కాబట్టే అక్క అందులో కూర్చునేది. ఆ సమయంలో మా బావ జ్ఞానదాసు అదే కారు కింద పడుకుని ఉండేవాడు. ఇద్దరిలో ఎవరి పని పెద్దదని మేమెవరం అడగలేదు. చాలాకాలం అక్క కూడా అడగలేదు.

బావది గాజువాకలో హైవే పక్కన రేకుల షెడ్డు. వెనకే ఇల్లు. అంతకు ముందు పోర్టు దగ్గర లారీలు బాగుచేసే ఒక చోట పనిచేసేవాడు. అక్కడి మేస్త్రీతో పడక, డెబ్బై అయిదులోనో ఆరులోనో బయటికొచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. స్టీలు ప్లాంటు వస్తోందని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. ప్లాంటు రాలేదు గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో కొలిచేవాళ్ల జీపులు వచ్చాయి. జీపులకు బ్రేకులుంటాయి. బావకు ఆపాటి చాలు.

ఇంజను పని ఆయన ముట్టుకునేవాడు కాదు. బండి కదలకపోతే మనిషి నడిచి ఇంటికెళ్తాడు, ఆగకపోతే నలుగురు మోసుకెళ్తారు, అందుకని నాను ఆపే పనే చేస్తానని చెప్పేవాడు. ఈ మాట కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. నాకు టాక్సీ ఉంది కాబట్టి, నేను నెలకోసారైనా ఆ షెడ్డుకు వెళ్తాను కాబట్టి, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

బ్రేకు ఆయిలు విషయంలో బావకు ఒక సిద్ధాంతం ఉండేది. అది వినకుండా ఆ షెడ్డులో ఎవరికీ పానా కూడా అరువు దొరికేది కాదు. మన ఊరు సముద్రం ఒడ్డున ఉంది, ఇక్కడ డబ్బాలో పోసిన ఉప్పే నీరైపోతుంది, అలాంటిది ఆయిలు ఊరుకుంటుందా అనేవాడు. మూత బిగించినా గాలిలో చెమ్మ తాగుతుంది. తాగి ఊళ్లో తిరిగినంతకాలం నోరెత్తదు. అనంతగిరి ఘాటీ దిగేటప్పుడు బ్రేకు మీద బ్రేకు వేస్తే చక్రాలు కాలిపోతాయి, ఆయిలు తాగిన నీళ్లు మరిగి ఆవిరవుతాయి. అప్పుడు పెడల్ నొక్కితే కాలు నేలకు తగులుతుంది, బండి మాత్రం దాని దారిన అది పోతూ ఉంటుంది.

కాబట్టి ఊళ్లో తిరిగే బండికి ఏడాదికోసారి, వానలు పడకముందే పాత ఆయిలు తీసి కొత్తది పొయ్యాలి. ఘాటీ ఎక్కే బండికి వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి, అది చాలక క్రిస్మస్‌కు అరకు బేరాలు మొదలయ్యే ముందు ఇంకోసారి. బీచి రోడ్డులో నిలిపే బండికైతే ఓనరును అడగకుండానే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి, కారున్న ప్రతి సంఘస్థుణ్ణీ ఆపి ఇదంతా గుర్తుచేసేవాడు. నెలనెలా ప్రభువు బల్లకు వచ్చి రొట్టె తీసుకుంటున్నాం గదా, ఏడాదికోసారి బ్రేకు ఆయిలు మార్చలేమా అని అడిగేవాడు. పాస్టరుగారు ఈ మాటను ఒక ప్రసంగంలో వాడుకుందామనుకుని, మళ్లీ ఆలోచించి మానుకున్నారు.

ఆయిలు మార్చాక లోపల చిక్కుకున్న గాలి తియ్యాలి. ఆ పని ఒక్కరి వల్ల కాదు. ఒకరు పెడల్ మీద ఉండాలి, ఒకరు కింద ఉండాలి. బావ దగ్గర పనికి చేరినవాళ్లెవరూ నిలిచేవారు కాదు. దానికి కారణం బావ. అలా ఒకరు వెళ్లిపోయి ఇంకొకరు రాని ఒక మధ్యాహ్నం, అక్క అన్నం క్యారియరు తీసుకుని షెడ్డుకు వచ్చింది. కాస్త కూర్చుని పెడల్ నొక్కి పొమ్మన్నాడు బావ. అక్క కూర్చుంది. ఆ తరవాత షెడ్డులోకి ఇంకో పనివాణ్ణి పెట్టుకోవలసిన అవసరం రాలేదు.

కారు కిందనించి బావ "కొట్టు" అంటే అక్క పెడల్‌ను గబగబా మూడు నాలుగుసార్లు నొక్కాలి. "పట్టు" అంటే నొక్కి అలాగే ఉంచాలి. అప్పుడు బావ చక్రం వెనకున్న నిపుల్‌ను పానాతో తెరుస్తాడు. దానికి తగిలించిన గొట్టంలోంచి ఆయిలు, ఆయిలుతో పాటు గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. అక్క కాలికింద పెడల్ మెల్లగా కుంగుతుంది. ఏం జరిగినా కాలు తియ్యకూడదు. తీస్తే బయటి గాలిని లోపలికి పీల్చుకుని పని మళ్లీ మొదటికొస్తుంది. నిపుల్ మూసి బావ "వదులు" అన్నాకే తియ్యాలి. వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి నాలుగు చక్రాలకూ ఇంతే.

అక్క ఖాళీగా కూర్చునే మనిషి కాదు. ఒళ్లో చేట పెట్టుకుని వెల్లుల్లిపాయలు వలిచేది, బియ్యంలో రాళ్లు ఏరేది. చేతులు చేట మీద, కాలు పెడల్ మీద, కళ్లు రోడ్డు మీద. తమ కారు స్టీరింగు ముందు చీర కట్టుకున్న మనిషి చేటతో కూర్చుని ఉండడం చూసి డ్రైవర్లు ఇబ్బందిపడి, ఎదుటి అప్పలసూరి టీ కొట్టుకు వెళ్లి అటు తిరిగి కూర్చునేవారు. అప్పలసూరికి ఇది బాగా కలిసొచ్చింది.

కొన్నాళ్లకు అక్కకూ ఒక సిద్ధాంతం తయారైంది. బావ సీసాలో బుడగలు చూసి గాలి పోయిందో లేదో చెప్పేవాడు. అక్క కాలితో చెప్పేది. ఆయన అయిపోయిందంటే ఈవిడ ఇంకా ఉందనేది. ఏడాదికి ఎన్నిసార్లన్నది కేలండరు చూసి కాదు, కాలు పెట్టి చూసి చెప్పాలనేది. చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది. అన్నిసార్లూ కాదు. ఒక డాక్టరుగారి ఫియట్‌లో ఇంకా గాలుందని పొద్దుటినించి సాయంత్రందాకా బావ చేత నిపుల్ తిప్పించింది. తీరా చూస్తే పెడల్ పిన్ను అరిగిపోయి ఆడుతోంది. ఆ సంగతి బావ చాలాకాలం దాచుకుని, అవసరమైనప్పుడల్లా బయటికి తీసేవాడు.

గాలి తియ్యడం అయ్యాక ట్రయల్ ఉంటుంది. బండిని దువ్వాడ వైపు రోడ్డులో తోలుకుపోయి, రైల్వే గేటు ముందున్న పల్లంలో బ్రేకు వేసి చూసి, తిరిగి తీసుకురావడం. బావ కారు కిందనించి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, తలుపు తీసి, "దిగు" అనేవాడు. అక్క చేట తీసుకుని దిగేది. ఆమె లేచిన సీట్లో ఆయన కూర్చుని వెళ్లిపోయేవాడు. ఆయన తిరిగొచ్చేదాకా అక్క రోడ్డు పక్కన నిలబడి దువ్వాడ వైపే చూసేది. ఎండలో నిలబడతావెందుకు, ఇంట్లోకి పోరాదా అని ఒకసారి అడిగాను. బ్రేకు పడిందో లేదో తెలియొద్దా అంది.

అలా ఏళ్లు గడిచాయి. ప్లాంటుకు నిజంగానే పునాదులు తవ్వడం మొదలైంది. గాజువాకలో లారీల దుమ్ముకు ఆరేసిన బట్టలు ఎర్రబారేవి. ఎనభై మూడు ఎండాకాలం మొదట్లో ఒకరోజు, నా అంబాసడరుకే, నాలుగు చక్రాలూ అయ్యాక బావ అలవాటు ప్రకారం తలుపు తీశాడు. దిగు అన్నాడు.

"దిగను. ట్రయల్ నాను కొడతాను" అంది అక్క.

బావ మొదట నవ్వాడు. అక్క నవ్వలేదు. అప్పుడు బావ నాకు తెలియని ఒక విషయం చెప్పాడు. ఆయన ట్రయల్ ఇంకెవరికీ ఇవ్వకపోవడం గొప్పకోసం కాదట. పని చేసినవాడే మొదట కూర్చోవాలి, పని చెడితే ఆ దెబ్బ చేసినవాడికి తగలాలి గానీ నమ్మి బండి ఇచ్చినవాడికి కాదు. పోర్టులో ఉన్నప్పుడు తను పెట్టుకున్న నియమమట. బ్రేకు పడకపోతే చచ్చేది నాను, అది నా పూచీ అన్నాడు.

"పని ఇద్దరం సేసినాం గదా. సచ్చిపోడానికి మీరొక్కరే ఏటి?" అంది అక్క.

మాటలో ఓడినప్పుడు బావ గొంతు పెంచేవాడు. పెంచాడు. ఆడదానికి స్టీరింగేటి, టీ కొట్టు దగ్గర అందరూ చూస్తన్నారు, దిగు అన్నాడు. అక్క దిగింది. చేట తీసుకుని ఇంట్లోకి వెళ్లింది. మర్నాటినించి షెడ్డు వైపు రాలేదు. క్యారియరు మాత్రం అప్పలసూరి చేతికిచ్చి పంపేది. ఇంట్లో ఇద్దరూ అవసరమైనంతవరకు మాట్లాడుకునేవారు, అంటే చాలా తక్కువ. చర్చిలో ఎప్పట్లాగే ఆయన మగవాళ్ల వైపు, ఆమె ఆడవాళ్ల వైపు కూర్చునేవారు కాబట్టి సంఘంలో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ తరవాత షెడ్డులో పెడల్ మీద కూర్చోనివాడు లేడు. అప్పలసూరి కూర్చున్నాడు, రోడ్డున పోయేవాళ్లు కూర్చున్నారు, బండి తెచ్చిన డ్రైవర్లే కూర్చున్నారు. కొట్టు అంటే పట్టేవాళ్లు, పట్టు అంటే ఎందుకని అడిగేవాళ్లు, వదులు అనకముందే వదిలేవాళ్లు. నేనూ కూర్చున్నాను. ఆ పూట బావ నన్ను అన్న మాటలు మా అక్కను పెళ్లి చేసుకున్నవాడు కాకపోతే పడేవాణ్ణి కాదు. ఏడాదిదాకా మళ్లీ చూడక్కర్లేదని పంపిన బండ్లు పక్షానికే తిరిగొచ్చాయి. పెడల్ మెత్తగా ఉందట. బావ సిద్ధాంతం అలాగే ఉంది, దాన్ని నిలబెట్టే కాలు లేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్క నా టాక్సీ దగ్గరికి వచ్చి, నాకు తోలడం నేర్పు అంది. నేను బావ మొహం తలుచుకున్నాను. తరవాత అక్క మొహం చూశాను. ఇన్నేళ్లుగా రోడ్డు పక్కన నిలబడి దువ్వాడ వైపు చూసిన మొహమది. నాకు బావ మీద గట్టిగా కోపం వచ్చింది. ఎక్కు అన్నాను.

స్టీలు ప్లాంటు క్వార్టర్ల కోసం అప్పటికి రోడ్లు వేశారు. క్వార్టర్లు కట్టలేదు. రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పైన తారు రోడ్లు, నాలుగు రోడ్ల కూడళ్లు, వాటి మధ్య గడ్డి, గడ్డిలో ఆవులు. తోలడం నేర్పడానికి దేశంలో అంతకంటే మంచి చోటు ఉండదు. అట్టముక్క మీద ఎర్ర రంగుతో ఎల్ అని రాసి కట్టి, అక్కను కూర్చోబెట్టాను.

అక్కకు స్టీరింగు తొందరగానే వచ్చింది. గేర్లు ఆలస్యంగా వచ్చాయి. బ్రేకు ముందే వచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. కూడలి దగ్గర ఆపమంటే గబగబా మూడుసార్లు కొట్టి, నాలుగోసారి నొక్కి పట్టుకునేది. కారు ఆగేది. ఇక కాలు తీసేది కాదు. పద అన్నా తీసేది కాదు, దారి ఖాళీగా ఉందన్నా తీసేది కాదు. విసుగొచ్చి ఒకసారి వదులు అన్నాను. వెంటనే తీసింది.

అది చూసి నాకు నవ్వొచ్చింది. అక్కకు రాలేదు. ఒకసారి ఆ మాట అనకుండా ఎంతసేపు ఉంటుందో చూద్దామని ఊరుకున్నాను. ఒక ఆవు వచ్చి బానెట్టుకు మెడ రాసుకుంది, అది చాలక మళ్లీ వచ్చి రెండోవైపు మెడ కూడా రాసుకుంది. అక్క కాలు పెడల్ మీదే ఉంది. చెమట పట్టింది ఆమెకు.

"తియ్యాలని నాకు తెలుసురా. కాలికి తెల్దు" అంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆ పరీక్ష మానుకుని, ఆ తరవాత ఆపిన ప్రతిచోటా తగిన సమయానికి వదులు అంటూ వచ్చాను. చాలా ఆదివారాలు అలాగే గడిచాయి. అక్క బాగా తోలేది. పక్కన ఆ మాట అనే మనిషి ఒకడుంటే చాలు. అలాంటి మనిషి లేకుండా ట్రయల్ కొట్టడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు.

వానలు మొదలయ్యే ముందు వరహాలు వ్యాను వచ్చింది. వచ్చింది అనడం సరికాదు, నూటొక్క మొక్కులతో చేరింది. వరహాలు జాలరిపేటవాడు. వాళ్ల ఇంట్లో అందరూ వేటకు పోతే ఇతను ఒక పాత వ్యాను కొని, చేపల గంపలను పూర్ణా మార్కెట్టుకూ, అక్కణ్ణించి గాజువాకకూ తోలేవాడు. గంపలతోపాటు వాళ్లమ్మ కాసులమ్మ కూడా ముందు సీట్లో కూర్చుని వచ్చేది. ఆ రోజు నాలుగు చక్రాలూ పట్టేసి పొగలు వస్తున్నాయి. షెడ్డు ముందు ఆగింది, ఇక అంగుళం కదల్లేదు.

మామూలుగా అందరి బ్రేకూ పడక చస్తుంటే నీది పడి లేవకపోవడమేమిటని బావ ఆశ్చర్యపోయాడు. మూత తీసి వాసన చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఏం పోశావని వరహాలును అడిగాడు.

వరహాలు వాళ్లమ్మ వైపు చూశాడు. కాసులమ్మ ఏ మాత్రం తొణక్కుండా చెప్పింది.

"ఆయిలు తగ్గిందన్నాడు బావూ. ఇంట్లో సొర నూని ఉంది. మా పడవకి ఏటేటా అదే రాత్తాం. ఇన్నేళ్లలో ఒక్క సెక్క పుచ్చలేదు."

సొర చేప నూనె పడవ చెక్కకు మంచిదే. బ్రేకు లోపల ఉండేవి రబ్బరు కప్పులు. బావ విప్పి చూస్తే అవి రాత్రి నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఇన్నేళ్లుగా పడవ పుచ్చని ఇంటిమీద కోప్పడడం ఎలాగో బావకు తెలియలేదు. రబ్బర్లన్నీ మార్చి, గొట్టాలన్నీ స్పిరిటుతో కడిగాడు. కానీ సొర నూనె ఒకసారి కడిగితే పోయేది కాదు. కొత్త ఆయిలు పోసి, కొట్టించి, పారబోసి, మళ్లీ పోసి, వాసన పోయేదాకా కొట్టిస్తూనే ఉండాలి. ఒక పూట పని. వరహాలుకు ఆ సాయంత్రం పడవలు ఒడ్డుకు చేరేసరికి వ్యాను కావాలి.

ఆ వ్యానులో కూర్చోవడానికి ఎవరూ దొరకలేదు. అప్పలసూరి పాలు విరిగిపోతాయన్నాడు. నాకు స్టేషన్లో బేరం ఉందన్నాను. నిజంగానే ఉంది గానీ వెళ్లలేదు. వరహాలే కూర్చున్నాడు. అతనిది తెడ్డు వేసే వంశం, కాలు దాని లెక్కన అది లేస్తూ పడుతూ ఉండేది. ప్రతిసారీ గాలి లోపలికి పోయింది. మధ్యాహ్నమైంది.

బావ వ్యాను కిందనించి బయటికొచ్చి దాన్ని ఒకసారి చూశాడు. తరవాత వెనక్కి నడిచి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను కూడా వెళ్లాను, ఎందుకంటే అది చూడకపోతే నాకు నిద్ర పట్టదు. అక్క చేట ముందు కూర్చుని ఉంది. బావ వ్యాను సంగతి చెప్పాడు, సొర నూనె సంగతి చెప్పాడు, సాయంత్రం పడవల సంగతి చెప్పాడు. రమ్మని మాత్రం అనలేదు. అక్క అంతా విని, ట్రయల్ ఎవరు కొడతారని అడిగింది.

బావ చేట వైపు చూశాడు.

"బ్రేకు పడకపోతే?" అన్నాడు.

"పడకపోతే నాను సరిగ్గా కొట్టనేదన్నమాట" అంది అక్క.

బావ తల ఊపాడు. పక్కన నాను కూర్చుంటాను అన్నాడు. అది ఒప్పుకోవడమో, షరతో నాకు అర్థం కాలేదు. అక్క లేచి చీర కొంగు బొడ్లో దోపుకుంది. చేట తీసుకోలేదు.

ఆ పూట షెడ్డులోంచి మూడే మాటలు వినిపించాయి. కొట్టు. పట్టు. వదులు. సీసాలు నిండాయి, పారబోశారు, మళ్లీ నిండాయి. అక్క ముక్కు కూడా మూసుకోలేదు. కాసులమ్మ టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, అక్క కాలు లేవడం పడడం చూస్తూ, మా ఇంటి మగోళ్లకి ఈ పాటి కుదురు నేదు అని అప్పలసూరితో చెప్పింది. ఎండ వాలేసరికి వాసన పోయింది. కనీసం ఆయిలులోంచి పోయింది.

బావ చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. అలవాటుగా తలుపు తీశాడు. నోరు కూడా తెరిచాడు. మళ్లీ తలుపు వేసి, చుట్టూ తిరిగి వెళ్లి అవతలి సీట్లో కూర్చున్నాడు. వరహాలు, కాసులమ్మ, నేను వెనక గంపల మధ్య ఎక్కాం. నేను ఎల్ అట్టముక్క తెచ్చి ముందు కట్టాను. బావ దాన్ని చూసి, తరవాత నన్ను చూశాడు. నేను గంపలు చూశాను.

అక్క వ్యానును మెల్లగా రోడ్డెక్కించింది. దువ్వాడ వైపు తిరిగింది. బావ రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. గేటు పడి ఉంది. పల్లంలో దాని ముందు ఒక ఎడ్లబండి, ఇద్దరు సైకిళ్లవాళ్లు. బావ కుడికాలు తన ముందున్న ఉత్త రేకును నొక్కడం నేను వెనకనించి చూశాను. అక్క కొట్టింది, కొట్టింది, పట్టింది. వ్యాను ఎడ్లబండికి చాలా ఇవతలే, నీళ్లకుండ దించినంత మెల్లగా ఆగింది.

బావ కమ్మీ మీదనించి చేతులు తీశాడు.

గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. గేటు లేచింది. ఎడ్లబండి కదిలింది, సైకిళ్లు పోయాయి. మా వ్యాను కదల్లేదు. వెనక ఒక లారీ హారను కొట్టింది, దాని వెనక బస్సు కొట్టింది.

నాకు సంగతి తెలుసు. బావకు తెలియదు. సొర నూనె మళ్లీ పట్టేసిందనుకున్నాడు. కిందికి దూరి చూద్దామని తలుపు తీసి ఒక కాలు రోడ్డు మీద పెట్టాడు. కాసులమ్మ గంగమ్మ తల్లికి దండం పెట్టుకుంది. నేను ఆ ఒక్క మాట అనబోయాను. అద్దంలోంచి అక్క నా వైపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. అక్క అంత ఒంటరిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో ఆమె కోసం నేను చేసినంత ప్రార్థన చర్చిలో కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

బస్సు మళ్లీ హారను కొట్టింది. అక్క ఎదురుగా తెరుచుకున్న గేటు వైపు చూసింది.

"వదులు" అంది.

ఎవరితోనూ కాదు. గొంతు కూడా పెద్దది చెయ్యలేదు. ఇన్నేళ్లూ కిందనించి విన్న మాటను మొట్టమొదటిసారి తనే అంది, కాలు తీసింది. వ్యాను కదిలింది. ఒక కాలు రోడ్డు మీదున్న బావ గెంతి లోపల పడ్డాడు. పట్టాలు దాటేటప్పుడు గంపలు మా మీదికి వచ్చాయి. నేను ఏడుస్తున్నాను. చేపల నీళ్లు మొహాన పడ్డాయనుకుని వరహాలు తన తువ్వాలు ఇచ్చాడు.

అవతల తిప్పుకుని, మళ్లీ గేటు దాటి, అక్క షెడ్డు దాకా తీసుకొచ్చింది. ఇంకో రెండు చోట్ల ఆపింది. రెండు చోట్లా పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. షెడ్డు ముందు ఇంజను ఆపాక బావ దిగి, చుట్టూ తిరిగి అక్క వైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎలాగుంది?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన సీసానే అడిగాడు.

"వెనక ఎడం చక్రంలో ఇంకా కొంచెం గాలుంది" అంది అక్క.

డాక్టరుగారి ఫియట్ సంగతి ఇప్పుడు ఎత్తుతాడని నేను ఎదురుచూశాను. ఎత్తలేదు. పానా, గొట్టం, సీసా తీసుకుని వ్యాను కిందికి దూరాడు. కొట్టు అన్నాడు. పట్టు అన్నాడు. సీసాలోకి ఒక బుడగ వచ్చింది. పెద్దదేమీ కాదు, మినపగింజంత. వదులు అన్నాడు. అక్క కాలు తీసి, అలవాటుగా తలుపు వైపు చెయ్యి చాచింది.

బావ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. చుట్టూ తిరిగి వెళ్లి, అవతలి తలుపు తీసి, పక్క సీట్లో కూర్చుని, మళ్లీ గేటు దాకా పోదాం అన్నాడు.